ముసురు రోజుల్లో తుపాకుల మీద కన్నేసి ఉంచండి

బాపట్ల జిల్లా అటవీ అధికారి గారికి,

వానల్లో చిన్న తుపాకీతో జింకను కొట్టడం తేలికన్న గొప్పలు తెనాలి టీ కొట్ల దగ్గర వినిపిస్తున్నాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం 9వ సెక్షన్ వేటను నిషేధించింది. మన రాష్ట్ర జంతువు కృష్ణజింక మొదటి షెడ్యూల్లో ఉంది. దాన్ని చంపితే కనీసం మూడేళ్ల జైలు, 25,000 రూపాయల జరిమానా.

ముసురులో వేట మరీ ఘోరం. ఆ చిన్న పాయింట్ ట్వంటీటూ తుపాకీ గుండు బరువు సుమారు రెండున్నర గ్రాములే. పొట్టలో దిగినా జింక అక్కడే పడిపోదు, తుప్పల్లోకి పరిగెడుతుంది. నెత్తుటి మరకల్ని వాన కడిగేస్తుంది, జాడ దొరకదు. అది కుమిలి కుమిలి చస్తుంది.

2022లో రేపల్లె మీ జిల్లాలోకి వచ్చింది, తెనాలి గుంటూరులోనే ఉండిపోయింది. హద్దు దాటితే అడిగేవాళ్లుండరన్న ధీమా ఎవరికీ రానివ్వకండి. రెండు జిల్లాల సిబ్బందితో వానాకాలమంతా రాత్రి గస్తీ పెట్టించండి. పంట రక్షణ పేరుతో లైసెన్సు తీసుకున్న తుపాకుల్ని పోలీసులతో కలిసి తనిఖీ చేయించండి. నిజాంపట్నం మడ అడవుల దారుల్లో శిక్షలు రాసిన బోర్డులు కట్టించండి. సమాచారం ఇచ్చినవాళ్ల పేర్లు మాత్రం బయటికి పొక్కనీయకండి.

ఇట్లు,
రేపల్లె వాసి