కనీస వేతనము — కనీస గౌరవము

చట్టము “ఇంతకు తగ్గరాదు” అని చెప్పినది. యజమానులు దానిని “ఇంతకు మించ నక్కఱలేదు” అని చదువుకొనిరి. 1948వ సంవత్సరమున చేయబడిన కనీస వేతనముల చట్టమునకు మన దేశమున పట్టిన గతి యిదియే. ఆ చట్టము 2019వ సంవత్సరపు వేతనస్మృతిలో కలిసిపోయినను ఈ చదువు మాత్రము మారలేదు. కార్యాలయములకు కావలివారిని, ఆసుపత్రులకు ఊడ్చువారిని సమకూర్చు కంట్రాక్టరు ప్రభుత్వము ప్రకటించిన అంకెను పైసలతో సహా లెక్కించి యిచ్చి, తాను చట్టమునకు లోబడినవాడనని చెప్పుకొనును. అంతకంటెను తక్కువ యిచ్చువారి నడుమ అతడు మంచివాడనియే యెంచబడుచున్నాడు. కాని ఆ అంకె పనివానితో చెప్పుచున్న మాట వేఱు: “చట్టము అడ్డురాకున్నచో నీకు ఇంతయు నిచ్చియుండను.”

ఆ అంకె యెట్లు పుట్టవలెనో 1957లో భారత కార్మిక మహాసభ పదునైదవ సమావేశమున నిర్ణయమైనది. దంపతులు, ఇద్దరు బిడ్డలు గల కుటుంబమును ముగ్గురు పెద్దల తిండిగా లెక్కించి, ఒక్కొక్కరికి దినమునకు 2700 కేలరీల ఆహారము, కుటుంబమునకు ఏటికి 72 గజముల బట్ట, ఇంటి అద్దె, వంటకట్టెలు, దీపము మున్నగువానికి మొత్తములో నూటికి 20. పిల్లల చదువు, వైద్యము, పండుగలు, వార్ధక్యము, వివాహము అనునవి కూడ మనుష్యునకు కలవని 1991లో సుప్రీముకోర్టు గుర్తించి, వీనికై నూటికి 25 చేర్చవలెనన్నది. పనివాని బిడ్డ బడికి పోవునని గ్రహించుటకు ముప్పదినాలుగేండ్లు పట్టినది! ఇక ఆచరణమో, 2017లో కేంద్రప్రభుత్వము సూచించిన అఖిలభారత కనిష్ఠము దినమునకు 176 రూపాయలు. ఆ ప్రభుత్వమే నియమించిన అనూప్ సత్పథి సంఘము 2019లో లెక్కగట్టి, అది 375 రూపాయలుండవలెనని చెప్పినది.

“అంత యిచ్చినచో మాకు గిట్టదు” అనుట యజమానుల పాతపాట. ఈ పాటకు న్యాయస్థానమున చోటులేదు. 1961లో కేరళదేశపు పెంకుల పరిశ్రమవారి వ్యాజ్యమున, కనీస వేతనమును నిర్ణయించునపుడు యజమాని యిచ్చుకొనగల శక్తిని చూడనక్కఱలేదని సుప్రీముకోర్టు స్పష్టపఱచినది. అయినను న్యాయమును కాసేపు ప్రక్కనుంచి, శక్తి నిజముగా లేదా యని విచారింతము. పని నిలిచిపోవునను భయము కలిగిన దినములను చూచినచో ఆ గుట్టు తెలియగలదు.

1917లో అహమ్మదాబాదు నగరమున ప్లేగు వ్యాపించినది. జనులు ఊరు విడిచి పోవుచుండగా, పనివారిని మగ్గములకడ నిలుపుటకై మిల్లు యజమానులు జీతముపై నూటికి 70, 80 వఱకు “ప్లేగు బోనసు” నిచ్చిరి. తెగులు శమించినది, 1918 ఆరంభమున బోనసును తీసివేయ సంకల్పించిరి. యుద్ధమువలన పెరిగిన ధరలు మాత్రము శమింపలేదు. పనివారు నూటికి 50 అడిగిరి. గాంధీమహాత్ముడు లెక్కలు పరిశీలించి 35 న్యాయమనెను. యజమానులు 20కి మించమనిరి. వారి నాయకుడు అంబాలాల్ సారాభాయి. పనివారి పక్షమున నిలిచినది ఆయన సోదరి అనసూయాబెన్. గాంధీజీ ఉపవాసము, ఆనందశంకర ధ్రువ మధ్యవర్తిత్వము, ఆగస్టు నెలలో 35కే వచ్చిన తీర్పు పాఠకులెఱిగినవే. మేమిచట జ్ఞాపకము చేయదలచినది ఆ ప్లేగు బోనసును. మగ్గమదే, నేతగాడదే, గజము బట్టయు నదే. ఆ యెనుబది ఎక్కడనుండి వచ్చినది? శక్తి ముందునుండియు నుండెను. దానిని పెట్టెలోనుండి వెలికి తీసినది పనివానియందలి గౌరవము కాదు, అతడు పోవునేమోయను భయము.

నూఱేండ్లు గడచిన పిదప మహమ్మారి మరల వచ్చినది. 2020 మే నెలలో పొరుగుననున్న కర్ణాటకమున గృహనిర్మాతలతో ముఖ్యమంత్రి సమావేశమైన వెంటనే, వలసకూలీలను స్వస్థలములకు చేర్చు రైళ్లు అక్కఱలేదని ప్రభుత్వము రైల్వేవారికి వ్రాసినది. దేశమంతట నిరసన చెలరేగగా కొలది దినములకే వానిని తిరిగి నడపించినది. మిల్లు యజమానులు పనివానిని నిలుపదలచి బోనసు నిచ్చిరి. వీరు నిలుపదలచి రైళ్లనే ఆపింపజూచిరి. ఇందేది నాగరికమో చెప్పుట కష్టము.

ప్రైవేటు యజమానులను నిందించి ఊరకుండుట న్యాయము కాదు. ప్రభుత్వము తానే యజమానియైనచోట ఏమి చేయుచున్నది? అంగన్‌వాడీ కార్యకర్త పసిపిల్లలను తూచును, వండిపెట్టించును, అక్షరములు నేర్పును, గర్భిణులకు ఆహారమందించును, ఇవియన్నియు ఫోనులోనికి ఎక్కించును. 1975లో ఈ పథకము పుట్టిననాటినుండియు ఆమె ఉద్యోగి కాదు, స్వచ్ఛంద సేవకురాలట. ఆమెకిచ్చునది జీతము కాదు, “గౌరవ వేతనము” అట. ఆంధ్రప్రదేశమున ఆ గౌరవము నెలకు 11,500 రూపాయలుగా నుండగా, ఆయాకు 7,000 రూపాయలుగా నుండగా, 2023 డిసెంబరు 12న వారు 26,000 రూపాయల కనీస వేతనమును, గ్రాట్యుటీని కోరుచు సమ్మెకు దిగిరి. 2024 జనవరి మొదటివారమున ప్రభుత్వము వారిపై అత్యవసర సేవల చట్టమును, అనగా “ఎస్మా”ను, ప్రయోగించినది. సమ్మె 42 దినములు సాగి ముగిసినది.

డిసెంబరు 11వ తేదీవఱకు స్వచ్ఛందముగా నున్న సేవ నెల తిరుగకముందే రాజ్యమునకు అత్యవసరమెట్లైనది? స్వచ్ఛందమైనచో మానుకొనుటకు వారికి స్వేచ్ఛ కలదు. అత్యవసరమైనచో తగిన జీతము పొందుటకు హక్కు కలదు. రెండింటిని నిరాకరించుటకు రెండు పేర్లు పెట్టుకొన్నారు. గౌరవ వేతనమును గ్రాట్యుటీ విషయమున వేతనముగనే యెంచవలెనని 2022 ఏప్రిలున సుప్రీముకోర్టు చెప్పియుండెను గదా. అప్పటికైనను ఆ పేరును విడువలేదు.

కనుక ప్రభుత్వములను మేము కోరునది, పెద్ద వాగ్దానము కాదు, ఒక లెక్కల కాగితము. కావలివాని కూలియైనను, అంగన్‌వాడీ జీతమైనను, ప్రకటించునపుడు అంకెతో సరిపుచ్చక దాని పుట్టుకనుకూడ రాజపత్రమున అచ్చువేయవలెను: బియ్యము పప్పులకెంత, బట్టకెంత, అద్దెకెంత, బిడ్డ చదువునకెంత, ముసలితనమునకెంత. నెలకు ఏడువేలతో బ్రదుకుమని చెప్పిననాడు వీనిలో ఏ పద్దును కొట్టివేసిరో ఆయాయే స్వయముగా చదువుకొనగలుగును.