ఈఎస్ఐ నుంచి సేటుకు మినహాయింపు సరే.. కూలోని బతుక్కు భరోసా ఏది?

కామారెడ్డిల మిల్లులకు, ఎల్లారెడ్డిల షాపులకు పనికి వోయే తమ్ముళ్లను ఈఎస్ఐ ఉన్నదా అని అడిగితే నాకు తరుచు వచ్చే జవాబు ఒక్కటే. "ఆరోగ్యశ్రీ ఉన్నది గదన్నా, మల్ల గదెందుకు?"

ఆరోగ్యశ్రీ మంచిదే. 2023 డిసెంబర్‌ల దాన్ని 10 లక్షలకు పెంచిన్రు. గని అది దవాఖాన ఖర్చు చూస్తది, ఇంట్ల బియ్యం ఖర్చు చూడది. మిషన్ల చెయ్యి వడి రెండు నెలలు ఇంట్ల కూసుంటే జీతం ఎవలియ్యాలె? గా ప్రశ్నకు జవాబే ఈఎస్ఐ.

1948ల వచ్చిన చట్టం ఇది. పది మంది, అంతకన్న ఎక్కువ పనిచేసే కాడ, నెలకు 21 వేల లోపు జీతం ఉన్నోళ్లకు వర్తిస్తది. 2019 జులై నుంచి కార్మికుని వాటా 0.75 శాతం, యజమాని వాటా 3.25 శాతం. అంటే 12 వేల జీతం ఉంటే నీ కెల్లి 90 రూపాయలు, సేటు కెల్లి 390. దానికి నీకూ, నీ ఇంటోళ్లకూ వైద్యం. పాణం బాగలేక పనికి పోకపోతే ఏడాదికి 91 రోజుల దాక 70 శాతం జీతం. పని కాడ దెబ్బ తాకితే 90 శాతం. ఆడోళ్లకు కాన్పుకు 26 వారాల జీతం.

మరి యజమానికి మినహాయింపు ఎట్ల దొరుకుతది? రెండు దారులున్నయి. మొదటిది అడిగి తెచ్చుకునేది. పాత చట్టం 87వ సెక్షన్ కింద ప్రభుత్వం ఒక్కసారికి ఒక్క ఏడాదికి మించి ఇయ్యద్దు. 2010ల ఇంకో షరతు వెట్టిన్రు. కార్మికులకు ఈఎస్ఐకి సమానంగనో, అంతకన్న మంచిగనో సౌలత్‌లు ముందే ఉంటేనే ఇయ్యాలె. వెనుకటి తారీఖు నుంచి మాఫీ ఇచ్చుడు గూడ గప్పుడే బందయ్యింది.

ఈ షరతు న్యాయమైనదే. గని "సమానం" అని తేల్చేదెట్ల? ప్రైవేటు ఇన్సూరెన్స్ కార్డు చూపెట్టి సమానమంటే ఒప్పుకోవద్దు. మామూలుగ గా కార్డుల పోయిన జీతం రాదు, కాన్పు జీతం రాదు, కొలువు పోయిన్నాడు కార్డు గూడ పోతది. మినహాయింపు అడిగిన ప్రతి కాగితం గేటు కాడ తెలుగుల అతికియ్యాలె, కార్మికుల మాట విన్నంకనే సంతకం వెట్టాలె. నేను కోరేది గిదే.

రెండో దారి మన జిల్లాకు ఇంకా దగ్గరిది. సీజనల్ ఫ్యాక్టరీలకు ఈఎస్ఐ చట్టమే వర్తించది. పత్తి జిన్నింగ్, ప్రెస్సింగ్, పల్లికాయ ఒలుచుడు, చక్కెర, బెల్లం తయారీ.. గివి తప్ప వేరే పని చెయ్యనివి ఈ లెక్కల వస్తయి. అడ్లూర్ ఎల్లారెడ్డిల చక్కెర ఫ్యాక్టరీ, మద్నూర్ దిక్కు పత్తి మిల్లులు, పేరువడ్డ కామారెడ్డి బెల్లం.. మన దిక్కు పనులల్ల శాన గీ జాబితాలనే ఉన్నయి. మొదటి దారిల యజమాని సమానమైన సౌలత్ చూపెట్టాలె. ఈ దారిల ఏదీ చూపెట్టే పని లేదు. 2025 నవంబర్ 21న అమలుకొచ్చిన సామాజిక భద్రత కోడ్ గూడ ఈ మినహాయింపును అట్లనే ఉంచింది.

యజమానులు అనే మాట గూడ ఇనాలె. నాలుగు నెలల సీజన్‌కు పైసలు కట్టినా కార్మికునికి ఏమొస్తదంటరు. కొంత నిజమే. జబ్బు జీతం రావాల్నంటే ఆరు నెలల కాలంల 78 రోజులకు వాటా కట్టి ఉండాలె. గని పని కాడ దెబ్బ తాకితే గీ లెక్క లేదు, మొదటి రోజు నుంచే హక్కు. బెల్టుల చెయ్యి వడేది సీజన్ చూసుకొని వడదు. దవాఖాన దూరమైతే దగ్గరికి తేవాలె గని, హక్కే తీసేసుడు మందు గాదు.

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, నాలుగు ముచ్చట్లు యాది వెట్టుకోన్రి. జీతం చిట్టీల ఈఎస్ఐ కోత ఉంటే 10 అంకెల ఇన్సూరెన్స్ నంబర్ అడుగున్రి. సేటు వాటా మీ జీతంల కోసుడు చట్టానికి విరుద్ధం. కాంట్రాక్టు మీద చేసెటోళ్లు గూడ గా పది మందిల లెక్కకొస్తరు. ఈఎస్ఐ లేని కాడ పనిల దెబ్బ తాకితే నష్టపరిహారం యజమానే ఇయ్యాలె. 1923 నుంచి ఉన్న గా చట్టం ఇప్పుడు కొత్త కోడ్‌ల కలిసింది.

సేటుకు మినహాయింపు ఇచ్చే అధికారం సర్కారుకు ఉన్నది. గని కార్మికుని ఒంటికి దెబ్బ నుంచి మినహాయింపు ఎవలూ ఇయ్యలేరు. గందుకే సీజనల్ మిల్లులకు గూడ "సమానమైన సౌలత్ చూపెట్టు" అన్న షరతు వెట్టాలె. ఓట్లకొచ్చే నాయకులను మన పోరగాండ్లు అడగాల్సిన మాట గిది.