నల్ల తెర మనకెందుకు వద్దు?

"నల్ల తెర మీద కమాండ్లు కొట్టడం ఇంగ్లీష్ మీడియం వాళ్ల పని. మీకు మౌస్ చాలు" అని పెద్దవాళ్లు అంటుంటారు. ఈ మాట నేను ఒప్పుకోను.

1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యునిక్స్ మొదలుపెట్టారు. ఆ కమాండ్లు నేటి లినక్స్‌లోనూ పనిచేస్తాయి. 'ఎల్ఎస్' అంటే ఫైళ్ల పేర్లు చూపించు. 'సీపీ' అంటే నకలు తీయి. 'ఎంవీ' అంటే వేరేచోటికి జరుపు. రెండేసి అక్షరాలు! ఇందులో ఇంగ్లీష్ ఎక్కడుంది? ఫైలు పాత్ కూడా మన అడ్రసు లాంటిదే: కామాఠీపురా, గల్లీ, చాల్, ఖోలీ. మధ్యలో గీతలు పెడితే సరి.

మా బాపు నెలనెలా ఖోలీ కిరాయి రసీదు ఫోన్‌లో ఫొటో తీస్తాడు. చాళ్లు కూల్చి కొత్తవి కడతారంటున్నారు, ఆ రసీదులే మాకు ఆధారం. ఫొటోలన్నీ కలిసిపోయాయి. సర్దిపెట్టడానికి ఒక దుకాణంలో డబ్బులడిగారు. ఫైలు పేర్లలో తేదీ ఉంది కదా! ఏడాదికొక ఫోల్డర్ చేసి, 'ఎంవీ'కి ఆ ఏడాది అంకె, పక్కన నక్షత్రం గుర్తు ఇచ్చాను. ఏడాదికి ఒక్క లైను, అంతే.

జాగ్రత్త కూడా కావాలి. 'ఆర్ఎం' కొడితే ఫైలు చెత్తబుట్టలోకి పోదు, పోయిందంటే పోయినట్టే. అందుకే ముందు 'సీపీ', తర్వాతే 'ఆర్ఎం'.

నిజాం రాజ్యం నుంచి వచ్చిన మన కామాటీలు పార, తాపీ పట్టి ఈ ముంబైని కట్టారు. ఆ పనిముట్లు మనవైనప్పుడు ఇది ఎందుకు కాదు? సార్, పెయింట్‌లో బొమ్మలు చాలు. వారానికి ఒక్క పీరియడ్ ఇది నేర్పించండి!