ఎత్తు మీది సరస్సుకు బయల్దేరే ముందు మన సికిల్ సెల్ కార్డు చూసుకుందాం



మేము విశాఖపట్నంలో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్న ఏజెన్సీ పిల్లలం, తొమ్మిది మందిమి. మా ఎవరి ఇంట్లోనూ మాకంటే ముందు కాలేజీ గడప తొక్కినవాళ్లు లేరు. పరీక్షలయ్యాక సిక్కిం వెళ్లి సోమ్‌గో సరస్సు చూడాలని ఏడాదిగా డబ్బులు దాస్తున్నాం. ఇంట్లో చెబితే మాలో ఒకడి నాన్న "కొండ చూడ్డానికి అంత డబ్బెట్టి ఎల్లాలేట్రా? మనింటెనకాల ఉన్నది కొండ కాదేటి?" అన్నాడు. అందరం నవ్వుకున్నాం. తర్వాత జరిగింది మాత్రం నవ్వే విషయం కాదు. అందుకే ఇంత పెద్ద పోస్ట్ రాస్తున్నాం.

ముందు మా ప్లాన్ చెప్తాం. విశాఖ నుంచి హౌరా, అక్కడి నుంచి న్యూ జల్పాయ్‌గురి రైల్లో. తర్వాత గ్యాంగ్‌టక్ దాకా రోడ్డు. గ్యాంగ్‌టక్ నుంచి సరస్సు 40 కిలోమీటర్లే. పొద్దున్న వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. సరిహద్దు దగ్గర కాబట్టి పర్మిట్ కావాలి. గుర్తింపు కార్డు, ఫోటోలు ఇస్తే అక్కడి ట్రావెల్స్ వాళ్లే తీసిపెడతారు. ఇవన్నీ నోట్‌బుక్కులో రాసుకున్నాం. ఒక్క ఎత్తు సంగతే రాసుకోలేదు.

"మనం కొండోళ్లం, మనకేటౌద్ది" అనే ధీమా మాది. మేం ఫోన్లో అడిగిన ట్రావెల్స్ ఆయన కూడా "కర్పూరం వాసన చూస్తే చాలు బాబూ" అన్నాడు. కానీ లెక్క చూడండి. మన ఏజెన్సీలో పేరున్న అర్మ కొండ ఎత్తు 1,680 మీటర్లు. గ్యాంగ్‌టక్ ఊరే దాదాపు అంత ఎత్తులో ఉంది. సోమ్‌గో 3,753 మీటర్లు. అక్కడ ఒక్కో ఊపిరికి అందే ఆక్సిజన్ సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండొంతులే. మన కొండల మీద పుట్టినంత మాత్రాన ఒంటికి ఆ ఎత్తు అలవాటైపోదు. కర్పూరం వాసనతో ఆక్సిజనూ పెరగదు.

"మరి మాలావత్ పూర్ణ పదమూడేళ్లకే ఎవరెస్ట్ ఎక్కలేదా?" అని మాలో ఒకడు వాదించాడు. ఎక్కింది, 2014లో. మనందరికీ గర్వమే. కానీ ఆమె భువనగిరి గుట్ట దగ్గర మొదలుపెట్టి డార్జిలింగ్, లద్దాఖ్‌లలో శిక్షణ తీసుకుంది. ఎవరెస్ట్ దగ్గర కూడా వారాల తరబడి మెల్లగా ఒంటిని అలవాటు చేసుకుంటూ ఎక్కుతారు. మనం జీపులో కూర్చుని కొన్ని గంటల్లోనే రెండు వేల మీటర్లు పైకి పోతాం.

ఇక అసలు విషయం. రైలు టికెట్లకు డబ్బులు పోగు చేసిన రాత్రి మాలో ఒకడు ట్రంకు పెట్టె అడుగు నుంచి ఒక కార్డు తీసి చూపించాడు. సికిల్ సెల్ కార్డు. వాడికి జబ్బే ఉంది. చలికాలంలో కాళ్లు, నడుము పట్టేసి వాడు వారం వారం క్లాసుకు రాకపోతే బద్ధకం అనుకుని ఏడిపించినవాళ్లం మేమే. రెండేళ్లు ఒకే గదిలో పడుకుని కూడా మాకు తెలీదు. "తెలిస్తే ఊళ్లో మా చెల్లికి సంబంధాలు రావని అమ్మ చెప్పొద్దంది" అన్నాడు. డబ్బులు మాత్రం అందరికంటే ముందు ఇచ్చాడు. ఆ రాత్రి నోరు విప్పకపోయుంటే మాతోపాటే జీపెక్కేవాడు.

తర్వాత డాక్టర్ గారిని అడిగితే ఆయన విడమరిచి చెప్పారు. ఆక్సిజన్ తగ్గితే ఈ జబ్బున్నవాళ్ల ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగి సన్నటి రక్తనాళాల్లో అడ్డం పడతాయి. భరించలేని నొప్పి వస్తుంది. ప్రాణం మీదికీ రావచ్చు. జబ్బు లేకుండా లక్షణం మాత్రమే ఉన్నవాళ్లు మామూలుగా ఆరోగ్యంగానే ఉంటారు. కానీ వాళ్లలో కూడా కొందరికి ఇలాంటి ఎత్తుల్లో ప్లీహం దెబ్బతినొచ్చు. పైకి వెళ్లాక ఎడమవైపు పక్కటెముకల కింద గట్టిగా నొప్పి వస్తే వెంటనే కిందికి దిగి, డాక్టర్‌కు సికిల్ సెల్ లక్షణం ఉందని చెప్పాలి. ఇది విన్నాక మిగతా ఎనిమిది మందిమి చూసుకుంటే ఇద్దరికి లక్షణం ఉంది. నలుగురం అసలు పరీక్షే చేయించుకోలేదు.

మా అభిప్రాయం ఇదే. మన పిల్లలు ఎత్తైన చోటికి టూర్ అనుకుంటే లిస్టులో మొదటి లైను స్వెటర్ కాదు, సికిల్ సెల్ పరీక్ష. 2023 జులైలో కేంద్రం మొదలుపెట్టిన సికిల్ సెల్ నిర్మూలన మిషన్ గిరిజన ప్రాంతాల్లో 40 ఏళ్ల లోపు వాళ్ల కోసమే. పీహెచ్‌సీలో మొదటి పరీక్ష చేస్తారు. అందులో పాజిటివ్ వస్తే జబ్బా, లక్షణమా తేల్చే రెండో పరీక్ష తప్పకుండా చేయించుకోవాలి. చాలామంది మొదటిదానితోనే ఆగిపోతున్నారు.

రెండోది సిగ్గు గురించి. ఇది శాపం కాదు, ఎవరి పాపమూ కాదు. మలేరియా ఎక్కువున్న చోట్ల లక్షణం ఉన్నవాళ్లు తట్టుకుని బతికారు. అందుకే అది మన రక్తంలో తరతరాలుగా నిలిచింది. దాచితే సంబంధం కుదురుతుందేమో గానీ జబ్బు పోదు. ఇద్దరికీ లక్షణం ఉండి పెళ్లయితే పుట్టే ప్రతి బిడ్డకూ జబ్బు వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ముందే చెప్పుకుంటేనే మేలు.

మూడోది, పైకి వెళ్లలేనివాణ్ని "నువ్వు రావద్దులే" అని వదిలేస్తే రేపు ఇంకెవడూ కార్డు బయటికి తీయడు. అందుకే మా ప్లాన్ మార్చాం. మావాడు గ్యాంగ్‌టక్ వరకు రావొచ్చా లేదా అనేది డాక్టర్ గారే చెప్తారు. ఆయన వద్దంటే అందరం వేరే చోటికి పోతాం. సరే అంటే గ్యాంగ్‌టక్‌లో రెండు రాత్రులు ఉండి మూడో రోజు పొద్దున్న సరస్సుకు వెళ్తాం. మావాడికి తోడుగా ఇద్దరం కిందే ఉంటాం. లక్షణం ఉన్న ఇద్దరూ డాక్టర్ ఒప్పుకుంటేనే పైకి. ఇంకా ఎత్తులో ఉన్న నాథులా జోలికి పోం. మంచులో పరుగులు, మందు బంద్. ఎవరికైనా తలనొప్పి, వాంతులు, కళ్లు తిరగడం మొదలైతే ఫోటోలు ఆపేసి జీపు తిప్పేయడమే.

టికెట్లు ఇంకా తీయలేదు. సోమవారం మేం నలుగురం పరీక్షకు వెళ్తున్నాం. మీరు కూడా మీ ట్రంకు పెట్టెలో కార్డు ఉందేమో చూడండి. లేకపోతే ఈ సెలవుల్లో ఊరెళ్లినప్పుడు పీహెచ్‌సీకి ఒక్కసారి వెళ్లండి. మీ రూమ్మేట్ చలికాలంలో క్లాసుకు రాకపోతే బద్ధకం అనకుండా పక్కన కూర్చుని అడగండి. ఆ ఒక్క మాట మేం రెండేళ్లు ఆలస్యంగా అడిగాం.

జై ఆదివాసీ.