కాలికింది కంప్రెసర్

కంప్రెసర్ అనే మాట వినపడగానే ఇల్లాలికి ఫ్రిజ్ జ్ఞాపకం వస్తుంది. ఇంటాయనకు దాని రిపేరు ఖర్చు జ్ఞాపకం వస్తుంది. గిటారు వాయించే పిల్లలున్న యింట్లో ఆ మాటకు మూడో అర్థం వొకటి వున్నది. అరచేతిలో ఇమిడే యినప డబ్బీ, దానిమీద కాలితో నొక్కే మీట, రెండో నాలుగో నాబులు, ధర వేలల్లో! ఫ్రిజ్‌లోది వాయువును అదిమితే, ఇది నాదాన్ని అదుముతుంది.

సికిందరాబాదులో యిటువంటి వస్తువు ప్రసక్తి రావడం వింతేమీ కాదు. 1806లో కంటోన్మెంటుగా వెలసిన వూరు యిది. పటాలాల బ్యాండు మేళాలు, చర్చి గాయకబృందాలు, లాలాగూడా రైల్వే కుటుంబాల పాటలూ ఆటలూ చూసిన వూరు. గిటారు యిక్కడ పరాయి పిల్ల కాదు, వీణకు పొరుగింటి పిల్ల.

మా అక్కయ్య కూతురు కాలేజీ బృందంలో ఎలక్ట్రిక్ గిటారు, ఆదివారం చర్చిలో అకూస్టిక్ గిటారు వాయిస్తుంది. రెండుచోట్లా ఒకటే ఫిర్యాదు. తీగెలన్నీ కలిపి గీసినప్పుడు పాడేవారి గొంతు మునిగిపోతుంది. ఒక్కొక్క తీగె మీటినప్పుడు అసలు వాయిస్తున్నదో లేదో తెలియదు. కాలేజీ బృందంవారు మర్యాదగానే చెప్పారుట, ఉత్సవం నాటికి యిది సర్దుకోకపోతే ఇంకొకరిని చూసుకుంటామని. పిల్లలకు ట్యూషన్లు చెప్పి కూడబెట్టిన తొమ్మిదివేలూ తీసి, కంప్రెసర్ పెడల్ కొంటానన్నది. ఆమె తండ్రి, అంటే మా బావగారు, రైల్వే లెక్కల శాఖలో పనిచేసి రిటైరైన మనిషి. నన్ను పిలిపించారు.

“ఏమయ్యా, చప్పుడు ఎక్కువైతే తగ్గించి వాయించాలి, తక్కువైతే గట్టిగా వాయించాలి. దానికి తొమ్మిదివేల డబ్బీ ఎందుకు?” అన్నారు.

“మామయ్యా, నువ్వే చెప్పు” అన్నది అమ్మాయి.

మధ్యవర్తికి ఇంతకన్న సంకటం వుండదు. ఎందుకంటే ఇద్దరి మాటలోనూ నిజం వున్నది.

ఆ డబ్బీ చేసే పని బావగారికి యిలా చెప్పాను. పూర్వం ఇంట్లో పెద్దాయన రేడియో పక్కన కూర్చుని, నాటకంలో గుసగుసలు వచ్చినప్పుడు ధ్వని పెంచి, యుద్ధం వచ్చినప్పుడు తగ్గించేవాడు గదా! కంప్రెసర్ ఆ పెద్దాయన చెయ్యే. కాకపోతే క్షణంలో వెయ్యోవంతులు లెక్కపెట్టి తిప్పగల చెయ్యి. మాట వరసకు చెప్పిన పోలిక కాదు సుమండీ. 1930ల్లో ప్రసార కేంద్రాలవారు, గాయకుడు హఠాత్తుగా గొంతెత్తితే ట్రాన్స్‌మిటరు మీద భారం మితిమీరకుండా వాడుకున్న సాధనాల సంతతే యిది. గిటారు వాయించేవారి పాదాల దగ్గరకు 1970లలో బాగా చేరింది.

దానికి ముఖ్యంగా నాలుగు గుణాలున్నాయి. మొదటిది గడప. నాదం ఎంత యెత్తుకు చేరితే అదమాలో అది చెపుతుంది. రెండోది నిష్పత్తి. నాలుగుకు ఒకటి అని పెడితే, గడపదాటి 12 డెసిబెళ్లు లేచిన నాదం 3 డెసిబెళ్లే లేస్తుంది. లెక్క చెప్పేసరికి బావగారి ముఖం వికసించింది. మూడోది అటాక్, అంటే ఎంత త్వరగా అదమాలన్నది. నాలుగోది రిలీజ్, ఎంత త్వరగా వదలాలన్నది. అదిమినాక మొత్తం నాదాన్ని మళ్లీ పైకి లేపుతారు. అందువల్ల పెద్ద మీటుకూ చిన్న మీటుకూ తేడా తగ్గి, ఆరిపోయే స్వరం కాస్సేపు నిలిచినట్టు వినిపిస్తుంది.

ఈ నిలవడమన్నది మీటే వాద్యాలన్నిటికీ పాత బాధే. వయొలిన్‌కు కమాను వున్నది, లాగినంతసేపూ పలుకుతుంది. వీణ, మాండొలిన్, గిటారు మీటిన మరుక్షణంనుంచీ ఆరిపోవడం మొదలుపెడతాయి. 1969లో పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ జంటతీగెల మాండొలిన్ విడిచి, ఐదు ఒంటితీగెల ఎలక్ట్రిక్ మాండొలిన్ పట్టి, గమకాలు పలికించి లోకాన్ని మెప్పించారు. 2014లో ఆయన పోయేనాటికి అది కర్ణాటక సంగీతానికి సొంతవాద్యమైపోయింది. విద్యుచ్ఛక్తి సాయం తీసుకున్నంతమాత్రాన విద్య తక్కువ కాదని బావగారికి చెప్పడానికి అంతకన్న మంచి సాక్ష్యం నాకు దొరకలేదు.

మర్నాడు ముగ్గురం దుకాణానికి వెళ్లాము. అమ్మాయిచేత రెండు గిటార్లూ మోయించాను. వేరే గిటారుమీద పెడల్ చూసి కొనడం, పొరుగాయన పాదానికి చెప్పులు కొలవడం వంటిది. ఇంకొక మాట కూడా ముందే చెప్పి వుంచాను. పెడల్ నొక్కినప్పుడూ, నొక్కనప్పుడూ ధ్వని ఒకే మట్టంలో వుండేట్టు సర్దిన తరవాతే తీర్పు చెప్పాలి. లేకపోతే బిగ్గరగా వున్నదే బాగున్నట్టు చెవి మనల్ని మోసం చేస్తుంది.

మొదట ఎమ్మెక్సార్ డైనా కాంప్ తరహాది, రెండు నాబులది. ఒకటి ఎంత అదమాలో, ఒకటి ఎంత లేపాలో. ఎలక్ట్రిక్ గిటారుమీద ఒక్కొక్క తీగె మీటితే ముత్యాల వరసే! అదే అకూస్టిక్ గిటారుకు తగిలించగానే మీటు మొదట్లో వుండే కొసతనం కాస్తా పోయింది. అకూస్టిక్ గిటారులో గుర్రం కింద వుండే పియెజో పుల్ల మీటు దెబ్బను మరీ పదునుగా పట్టుకుంటుంది. అటాక్ మరీ త్వరగా వుంటే ఆ దెబ్బతోపాటు కర్ర గుణం కూడా నలిగిపోతుంది. తరవాత బాస్ సీఎస్-3. దీనికి అటాక్, టోన్ నాబులు కూడా వున్నాయి కనక కొంత నయం. చివరకు బ్లెండ్ నాబున్న రకం చూశాము. గ్జోటిక్ ఎస్పీ, కీలీ కంప్రెసర్ ప్లస్ వంటివి యీ జాతివి. అదిమిన నాదాన్నీ, అదమని నాదాన్నీ మనకు కావలసిన పాళ్లలో కలుపుకోవచ్చు. రెండు గిటార్లకూ ఒకే పెడల్ కావాలనుకునేవారికి నా ఓటు దీనికే. ఎలక్ట్రిక్‌కు అదిమినది ఎక్కువ కలుపుకోవచ్చు, అకూస్టిక్‌కు సగానికి దిగువనే ఆగవచ్చు.

ఇక కొనేవారు జ్ఞాపకముంచుకోవలసినవి. కంప్రెసర్ చిన్న నాదాన్ని లేపుతుంది కనక, గదిలోని ట్యూబులైటు గుర్రునూ, తీగెమీద వేలి గీరునూ కూడా లేపుతుంది. అకూస్టిక్ గిటారు స్పీకరుకు ఎదురుగా వుంటే వూళ పెట్టిస్తుంది. గిటారులోనే బ్యాటరీతో నడిచే ప్రీయాంప్ లేకపోతే, ముందు అటువంటిదొకటి పెట్టి తరవాత కంప్రెసర్ పెట్టడం మంచిది. నాదాన్ని గరగరలాడించే ఓవర్‌డ్రైవ్ పెడల్ వుంటే, సాధారణంగా కంప్రెసర్ దానికి ముందుండాలి. పెడల్‌కు పెట్టే అడాప్టరు చాలావాటికి 9 వోల్టులది, నడిమి కొస నెగటివ్‌ది. ఇంట్లో వున్న కీబోర్డు అడాప్టరు దూరింది గదా అని గుచ్చకండి, మీద వున్న గుర్తు చూసి గుచ్చండి.

బ్లెండ్ వున్నది అమ్మాయి తొమ్మిదివేలకు కొత్తది రాలేదు. దుకాణంవారి దగ్గరే ఒకరు వాడినది వుంటే, నాబులన్నీ తిప్పి, గరగర లేదని చూసుకుని తీసుకున్నాము. బావగారు దారిపొడుగునా మాట్లాడలేదు. ఆయన మౌనం అంగీకారమో, అసమ్మతో చెప్పడం మా అక్కయ్యవల్లనే కాదు.

అయితే కథ అంతటితో సుఖాంతం కాలేదు. మొదటి మూడు రోజులూ అమ్మాయి నాబును కొసవరకూ తిప్పి మురిసిపోయింది. నాలుగోనాడు దిగులుగా, “అన్నీ ఒకేలా వినిపిస్తున్నాయి మామయ్యా, పల్లవీ అంతే, చరణమూ అంతే” అన్నది. అవును మరి! పాటలో గుసగుసకూ కేకకూ తేడా లేకపోతే ఇక పాడేవాడికేం మిగిలింది? అప్పుడు బావగారు కుర్చీ లాక్కుని కూర్చుని, “డబ్బీ ఆపి వాయించమ్మా, వింటాను” అన్నారు. ఆ రోజునుంచి రోజూ అరగంట, పెడల్ లేకుండా, ఒకే పాట మెల్లగా, సమంగా. చెయ్యి సగం సర్దింది. మిగిలిన సగానికి కంప్రెసర్, అదీ మూడోవంతు తిప్పుకే చాలింది. ఉత్సవంలో ఆమె స్థానం ఆమెకే వుండిపోయింది.

మంచి కంప్రెసర్ లక్షణం యేమిటని యెవరైనా అడిగితే, వున్నప్పుడు తెలియకూడదు, ఆపినప్పుడు తెలియాలి అంటాను. ఈ మాటే బావగారితో అన్నాను. ఆయన వంటింటివైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగారు:

“మాటలకు కూడా యిలాటిది దొరుకుతుందేమిటయ్యా?”

“దొరికితే గడప ఎంతలో పెట్టమంటారు?” అన్నాను.

లోపలినుంచి మా అక్కయ్య దగ్గు వినిపించింది. లెక్కల మనిషి, జవాబు వాయిదా వేశారు.