టచ్ బోర్డు తర్వాత, ముందు టీచరమ్మకు టైము ఇవ్వండి



మన ఆదివారం తెలుగు తరగతికి పెద్ద టచ్ బోర్డు కొనాలని, దానికి చందా వసూలు చేయాలని గ్రూపులో పది రోజులుగా మాట నడుస్తోంది. దాని వెనకే ఇంకో మాట వచ్చింది. ఇప్పుడున్న టీచరమ్మకు టెక్నాలజీ రాదు, వేరే ఆమెను చూద్దాం అని. మొదటిది డబ్బు సంగతి. రెండోది ఒక మనిషి మర్యాద సంగతి. రెంటికీ మేము ఒప్పుకోము. ఎందుకో చెప్తాం, ఓపిగ్గా చదవండి.

జూన్‌లో టీచరమ్మ ఒక కాగితం రాసి ఇచ్చింది. ఈ ఏడాది ఫోనుతో, కంప్యూటరుతో తరగతిలో తాను ఏం చేయాలనుకుంటోందో మూడు లక్ష్యాలు. ఒకటి, ప్రతి పిల్లా ఇంట్లో అవ్వ మాటలు ఫోనులో రికార్డు చేసుకొచ్చి తెలుగు అక్షరాల్లో రాయాలి. రెండు, తాను పాఠం చదివి రికార్డు చేసి ఇళ్ళకు పంపాలి. మూడు, అక్షరాల ఆట యాప్ ఒకటి తరగతిలో వాడాలి. డిసెంబరులో ఎంతవరకు వచ్చిందో తానే రాసింది. మొదటిది నడుస్తోంది, రాయడం ఇంకా కష్టంగా ఉంది. రెండోది అయింది. మూడోది నిలిపేసింది. పిలకాయలు అక్షరం చూడకుండా రంగు చూసి నొక్కుతున్నారు, అదే అక్షరం పలక మీద రాయమంటే రావడం లేదు అని.

ఆ మూడో మాట పట్టుకునే మనవాళ్ళు కొందరు ఆమెకు టెక్నాలజీ రాదన్నారు. అయ్యా, ఆ కాగితం మొత్తంలో విలువైన వాక్యం అదే! పనికిరానిది పనికిరాదని కనిపెట్టి, నిలిపేసి, కారణం రాసి పెట్టింది. ఇలా రాసే టీచర్లు ఎంతమంది ఉన్నారు? ఎన్ని వీడియోలు చూశారు, ఎన్ని సర్టిఫికెట్లు తెచ్చారు అని అడిగే చోట ఇలాంటి వాక్యం ఎవరూ రాయరు. 2020 జాతీయ విద్యా విధానం కూడా టీచరు ఏడాదికి కనీసం 50 గంటలు శిక్షణ పొందాలని చెప్పింది. మంచిదే. కానీ గంటలు లెక్కపెట్టడం సులువు, పిల్ల నేర్చిందా అని చూడటం కష్టం. అందరూ సులువైనదే లెక్కపెడతారు.

అరుప్పుకోట్టైలో మన పిలకాయల కష్టం ఏమిటో మనకు తెలియదా? మనమూ తమిళ మీడియంలోనే చదివాం. తమిళంలో త, థ, ద, ధ నాలుగింటికీ ఒకే అక్షరం. క, గ రెంటికీ ఒకటే. కాలి, గాలి అనే రెండు మాటలు తమిళ అక్షరాల్లో రాస్తే ఒకటే అవుతాయి. మన పిల్ల ఇంట్లో రెండూ సరిగ్గానే పలుకుతుంది, కాగితం మీదే తడబడుతుంది. అంటే ఆ పిల్లకు కావలసింది పెద్ద బొమ్మ కాదు. తన నోటి మాటను మళ్ళీ మళ్ళీ విని, తేడా పట్టుకుని రాయడం. ఆ పనికి ఫోను రికార్డింగు చాలు. టీచరమ్మ పెట్టుకున్న మొదటి రెండు లక్ష్యాలూ అవే కదా!

ఇక సామాన్లంటారా, మన రాష్ట్రంలో వాటికి లోటు లేదు. 2011లో ఉచిత ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. 2018లో కొత్త పుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు వచ్చాయి. 2019 ఆగస్టులో కల్వి టీవీ, 2023లో మణర్కేణి యాప్. ఆ యాప్ పేరు తిరుక్కురళ్‌లోది, ఇసుకలో తవ్వే నీటి గుంట అని అర్థం. మంచి పేరు. గుంటలో నీళ్ళు ఊరాలంటే ఎవరో ఒకరు కూర్చుని తవ్వాలి.

ఆంధ్రలో 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు, టీచర్లకు కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు ఇచ్చారు, బైజూస్ పాఠాలతో. 2024 జూలైలో ఆ కంపెనీ మీదే దివాలా కేసు నడవడం మొదలైంది. ఇక్కడే కాదు, పెరూ దేశంలో 10 లక్షలకు పైగా ల్యాప్‌టాప్‌లు పంచారు. వాటితో ఎలా బోధించాలో చూసుకోలేదు, చదువు మెరుగు పడలేదు అని యునెస్కో 2023 నివేదిక రాసింది.

అంటే మిషన్లే వద్దంటున్నామా? లేదు. ఢిల్లీలో బడి అయ్యాక నడిపే సెంటర్లలో కంప్యూటరు ప్రోగ్రాంతో చదివిన పిల్లలు నాలుగున్నర నెలల్లోనే లెక్కల్లో, హిందీలో బాగా ముందుకు వచ్చారు. కార్తీక్ మురళీధరన్ బృందం చేసిన ఆ పరిశోధన 2019లో అచ్చయింది. ఆ ప్రోగ్రాం ప్రతి పిల్లకూ తరగతి పాఠం కాక తన స్థాయి పాఠం ఇచ్చింది, పక్కన నేర్పే మనిషీ ఉన్నాడు. గుణం అక్కడుంది, తెర సైజులో లేదు.

రైల్వేలో గుమాస్తాలుగా పని చేసిన మాబోటి వాళ్ళం ఇది కళ్ళారా చూశాం. మొదట్లో అట్ట టికెట్టు, దాని మీద తేదీ గుద్దే మిషను. తిరుగు ప్రయాణానికి బెర్తు కావాలంటే ఆ ఊరికి మెసేజ్ పంపి జవాబు కోసం కాచుకోవాలి. కంప్యూటర్లు ఒకదానికొకటి కలిశాక ఆ బెర్తు ఇదే కౌంటర్లో దొరికింది. గుమాస్తా ఎన్ని మీటలు నొక్కాడని ఏ ప్రయాణికుడూ అడగలేదు. బెర్తు దొరికిందా అనే అడిగాడు. తరగతిలోనూ అడగాల్సింది అదే, ఇంతకు ముందు కాని పని ఇప్పుడు అవుతోందా?

అవుతోంది. చీపురును మన ఇళ్ళలో పొరక అంటాం. పుస్తకం చీపురు అంటుంది. ఏది తప్పు అని పిలకాయలు అడిగితే, టీచరమ్మ అవ్వ గొంతు వినిపించి రెండూ రాయించింది. కోవిల్‌పట్టి పక్కన ఇడైసెవల్‌లో పుట్టిన కి. రాజనారాయణన్ ఇంట్లో తెలుగే. ఆయన ఈ కరిసల్ నేల తమిళ మాటలు ఏరి నిఘంటువే చేశాడు. అదే నేల మీద మనం మాట్లాడే తెలుగును ఎవరు రాసి పెడతారు? అవ్వలు ఉన్నప్పుడే రాసుకోవాలి. టచ్ బోర్డు వచ్చే ఏడు కూడా అంగట్లో దొరుకుతుంది. అవ్వలు దొరుకుతారా?

వేరే ఊరి సంఘాల్లో పెద్ద తెరలు ఉన్నాయి, మనకు లేకపోతే చిన్నతనం అన్నారు ఒకరు. పొంగల్ విందుకు వచ్చే చుట్టాలకు చూపించడానికి తరగతి నడపడం లేదు.

కమిటీకి మేము అడిగేవి ఇవి. ఒక మంచి మైకు, చిన్న స్పీకరు, నెలనెలా ఫోను రీచార్జ్ కొనిపెట్టండి. వారానికి రెండు గంటలు ఆమె పాఠం సిద్ధం చేసుకునే పనికి కూడా డబ్బు ఇవ్వండి, ఇప్పుడు అది ఉచితంగా చేస్తోంది. కమిటీ వాళ్ళు ఒక్కొక్కరు ఒక్కో ఆదివారం తరగతి వెనక బెంచీలో కూర్చోండి. ఏప్రిల్‌లో పిలకాయలను పిలిచి, కాలి, గాలి చెప్పి రాయించి చూద్దాం. రాయలేకపోతే అప్పుడు టచ్ బోర్డు మాట తీయండి, మొదటి చందా మేమే ఇస్తాం. అప్పటిదాకా ఆమెకు టెక్నాలజీ రాదన్న మాట ఈ గ్రూపులో మళ్ళీ రాకూడదు.