పెంచి పంపే ఇళ్లు కావాలి

అనంతపురం పీఠభూమిలో ఏడాది సగటు వర్షం 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ. ఆ కాస్త వానకైనా వేళాపాళా ఉండదు. వేరుశనగ ఊడలు దిగే రోజుల్లో ముఖం చాటేస్తుంది, కాయ పీకి కుప్ప వేశాక కురుస్తుంది. పంట పోయిన ఏడు కదిరి, తనకల్లు, నల్లమాడ వైపు జనం కేరళ రైలెక్కుతారు, రాయదుర్గం, మడకశిర వైపు వాళ్లు బెంగళూరు బస్సెక్కుతారు. ఊళ్లో ముసలివాళ్లు, బడి ఈడు పిల్లలు మిగులుతారు. పోయినవాళ్లలో ఎక్కువమంది పండక్కో, పెళ్లికో, విత్తనాల వేళకో తిరిగొస్తారు. అందరూ రారు. కొందరిని రోడ్డు మింగుతుంది, కొందరిని రోగం. ఊరు కదలకుండానే అప్పుకు బలైన రైతుల సంగతి సరేసరి.

వాళ్ల పిల్లలను ఎవరు పెంచుతున్నారంటే చాలా ఇళ్లలో అవ్వే. లేకపోతే మేనమామ, చిన్నమ్మ, పెద్దనాన్న. ఆ దిక్కూ లేకపోతే హాస్టల్. దిక్కులేని బిడ్డ అనగానే మన అధికారులకూ దాతలకూ ముందుగా గుర్తొచ్చేది ఆ చివరిదే కావడం విచిత్రం. వలస కుటుంబాల పిల్లలకు ప్రభుత్వం సీజనల్ హాస్టళ్లు నడిపింది. అనాథలకు సదనాలున్నాయి, ఆడపిల్లలకు కస్తూర్బా విద్యాలయాలున్నాయి. వాటి మేలును కాదనలేం. కానీ 2015 నాటి బాలల న్యాయ చట్టం తన మూల సూత్రాల్లోనే ఒక మాట రాసుకుంది: బిడ్డను సంస్థలో పెట్టడం అన్ని దారులూ మూసుకుపోయాక పట్టాల్సిన దారి. అంతకు ముందు ఇల్లు వెతకాలి. ఆ వెతుకులాట కరవు జిల్లాల్లో జరగాల్సినంత జరగడం లేదు.

అసలు వెతకక్కర్లేని ఇళ్లనే ముందు చూద్దాం. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జులై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు 4,000 రూపాయలు. ఒకటో తారీఖున ఉద్యోగి గడప దగ్గరికొచ్చి అవ్వ చేతిలో పెట్టిపోతాడు. తల్లీ తండ్రీ లేక బంధువుల పంచన పెరుగుతున్న బిడ్డకు, లేదా తండ్రి పోయి తల్లి ఒక్కతే సాకుతున్న బిడ్డకు, కేంద్రం మిషన్ వాత్సల్య పథకం కింద ఇచ్చే స్పాన్సర్‌షిప్ కూడా నెలకు 4,000 రూపాయలే. పల్లెలో కుటుంబ ఆదాయం ఏడాదికి 72,000, పట్టణంలో 96,000 దాటకూడదు. అవ్వ డబ్బు నడిచొస్తుంది. మనవడి డబ్బు కోసం మాత్రం అవ్వే నడవాలి. మరణ ధ్రువపత్రం, ఆదాయ పత్రం, ఆధార్, బడి నుంచి స్టడీ సర్టిఫికెట్, బ్యాంకు ఖాతా అన్నీ కూడగట్టాలి. కొడుకు కేరళలో పోతే అక్కడి మరణ పత్రం ఎక్కడ అడగాలో డెబ్బై ఏళ్ల మనిషికి ఎవరు చెబుతారు? చివరికి అవ్వ పింఛనుతోనే ఇద్దరి సంగటీ నడుస్తుంది. పింఛను ఇవ్వడానికి వచ్చిన ఉద్యోగి ఆ గడప ముందే నిలబడి, ఈ ఇంట్లో తల్లిదండ్రులు లేని బిడ్డ ఉన్నాడా అని ఒక్క మాట అడిగి రాసుకుంటే, సగం అర్జీలు అక్కడే మొదలవుతాయి. ఇందుకు కొత్త పథకం అక్కర్లేదు.

రాజస్థాన్ కూడా వాన కరవున్న రాష్ట్రమే. అక్కడ 2005లో పాలన్‌హార్ పేరుతో ఒక పథకం మొదలుపెట్టారు. తల్లిదండ్రులు లేని బిడ్డను సాకుతున్న బంధువుకో, తెలిసినవారికో నెలనెలా డబ్బిస్తారు, బిడ్డ అంగన్‌వాడీకో బడికో వెళ్లాలన్నది ఒక షరతు. మొదట దళిత అనాథలకు పెట్టి, తర్వాత వితంతువుల పిల్లలకు, హెచ్ఐవీ, కుష్ఠు సోకిన తల్లిదండ్రుల పిల్లలకు విస్తరించారు. అనాథాశ్రమం కట్టే ఖర్చుతో పోలిస్తే ఇది చిన్న మొత్తం. పైగా బిడ్డ తన ఊళ్లోనే, తన వాళ్ల మధ్యే ఉంటాడు.

బంధువులూ లేని పిల్లల సంగతి వేరు, కాస్త కష్టం కూడా. వాళ్ల కోసమే చట్టంలోని 44వ సెక్షన్ ఫోస్టర్ కేర్‌కు దారి వేసింది. బిడ్డతో ఏ చుట్టరికమూ లేని కుటుంబం, జిల్లా బాలల సంక్షేమ కమిటీ ఉత్తర్వుతో, కొన్ని నెలలో కొన్ని ఏళ్లో ఆ బిడ్డను తమ ఇంట్లో పెంచుతుంది. తిండి, చదువు, వైద్యం ఆ కుటుంబం బాధ్యత. నెలకు 4,000 ప్రభుత్వం ఇస్తుంది. అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను వీలైనంత వరకు విడదీయకూడదు. కన్నవాళ్లు బతికే ఉండి పెంచలేని స్థితిలో ఉంటే, వాళ్లు వచ్చి బిడ్డను చూసిపోవచ్చు. కోలుకున్నాక బిడ్డ తిరిగి వాళ్ల దగ్గరికే వెళ్లవచ్చు.

ఈ చివరి వాక్యం దగ్గరే మనవాళ్లకు కాలు ఆగుతుంది. పెంచుకోవడం అంటే మనకు దత్తతే. ఇంటిపేరు, ఆస్తి, తలకొరివి అన్నీ కలిసొచ్చే బంధం. సాకి, చదివించి, మళ్లీ పంపించేయడం ఏమిటి, వట్టి వెర్రి కాకపోతే అంటారు. యశోద కథను ఇంటింటా చెప్పుకునే జాతి ఈ మాట అనడం కొంచెం వింతే. పెంచిన కృష్ణుణ్ని ఎక్కించుకుని రేపల్లె నుంచి అక్రూరుడి రథం కదిలిన రోజు సంగతి వెన్నముద్దల వెనక మరుగున పడిపోయింది.

చట్టం ఈ మధ్య ఆ బెరుకును కొంత తగ్గించే పని చేసింది. 2024లో కేంద్రం సవరించిన ఫోస్టర్ కేర్ మార్గదర్శకాల ప్రకారం, పెళ్లి కాకపోయినా, భర్తో భార్యో పోయినా, విడాకులు తీసుకున్నా, 35 నుంచి 60 ఏళ్ల మధ్య ఉన్న ఒంటరి వ్యక్తి కూడా ఆరేళ్లు దాటిన బిడ్డను తీసుకోవచ్చు. ఒంటరి స్త్రీ ఆడపిల్లనైనా మగపిల్లవాడినైనా పెంచవచ్చు, ఒంటరి పురుషుడికి మగపిల్లవాడినే ఇస్తారు. అంతకు ముందు దంపతులకే అవకాశం ఉండేది. దత్తతకు అర్హత ఉన్న బిడ్డయితే, ఐదేళ్లు కాకుండా రెండేళ్ల పెంపకం తర్వాతే దత్తత కోరవచ్చు.

పరాయి బిడ్డను ఆదుకోవడం అనంతపురానికి కొత్త కాదు, కాకపోతే ఇన్నాళ్లూ ఆదుకున్న చేయి దూరానిది. 1969లో స్పెయిన్‌కు చెందిన విన్సెంట్ ఫెర్రర్ ఇక్కడికొచ్చి రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు పెట్టారు. ఆ తర్వాత స్పెయిన్‌లోని మామూలు కుటుంబాలు ఈ పల్లెల పిల్లల పేరున నెలనెలా డబ్బు పంపాయి. ఆ డబ్బు బిడ్డ చేతికి కాక ఊరి బడికి, ఇళ్లకు, ఆసుపత్రికి చేరింది. బత్తలపల్లి ఆసుపత్రి హెచ్ఐవీ రోగులను చేరదీసింది, ఆ రోగం అనాథలను చేసిన పిల్లలనూ చూసుకుంది. ఫెర్రర్ 2009లో పోయారు. ట్రస్టుకు విదేశీ విరాళాల అనుమతి చిక్కుల్లో పడినప్పుడు, 2025లో జిల్లా జనం రోడ్డెక్కారు. ఆ భయం న్యాయమైనదే. కానీ ఎంత మంచి మనసుతో పంపినా, మాడ్రిడ్ నుంచి వచ్చే డబ్బు రాత్రి జ్వరం వచ్చిన బిడ్డ నుదుటి మీద చెయ్యి వెయ్యలేదు. దానికి పక్క వీధిలో మనిషి కావాలి.

ఇల్లు బిడ్డకు ఏమిస్తుందో కొలిచి చూసినవాళ్లూ ఉన్నారు. రొమేనియా రాజధాని బుకారెస్ట్‌లో 2000 సంవత్సరంలో శాస్త్రవేత్తలు అనాథ గృహాల్లోని 136 మంది పసివాళ్లతో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. సగం మందిని కుటుంబాలకు అప్పగించారు. ఆ నగరంలో అలాంటి ఇళ్లు దాదాపు లేకపోవడంతో 56 కుటుంబాలను తామే వెతికి, శిక్షణ ఇచ్చి, జీతం ఇచ్చి నిలబెట్టారు. ఇళ్లలో పెరిగిన పిల్లల తెలివితేటలు స్పష్టంగా మెరుగుపడ్డాయని, ఎంత చిన్న వయసులో ఇల్లు దొరికితే అంత మేలని 2007లో ‘సైన్స్’ పత్రికలో ప్రకటించారు. మన నిబంధనలు మాత్రం ఆరేళ్ల లోపు బిడ్డను దత్తతకే కేటాయించి, ఫోస్టర్ కేర్‌ను ఆరేళ్ల పైవాళ్లకు ఉంచాయి. ఆరేళ్లు దాటిన బిడ్డను దత్తతకు అడిగేవాళ్లు తక్కువ. ఇల్లు దొరకడం కష్టమయ్యేది వాళ్లకే.

అయితే కళ్లు మూసుకుని పిల్లలను పంచిపెట్టమని ఎవరూ అనరు. ‘మా ఇంట్లో ఉంచుకుని చదివిస్తాం’ అని పల్లె నుంచి తీసుకెళ్లిన ఆడపిల్ల పట్నంలో అంట్లు తోముతూ తేలడం మన దగ్గర కొత్త కథ కాదు. అందుకే ఇంటి పరిశీలన, పోలీసు విచారణ, బిడ్డ ఇష్టం కనుక్కోవడం తప్పనిసరి. ప్రతి నెలా కమిటీ ఆ ఇంటికి వెళ్లి చూడాలని చట్టమే చెప్పింది. ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులున్న కమిటీ ఇంత విశాలమైన కరవు నేలలో గడప గడపా తిరగగలదా? చేతిలో వాహనం, పక్కన సిబ్బంది లేకపోతే ఆ తనిఖీ కాగితం మీదే జరుగుతుంది. ఫోస్టర్ కుటుంబాల కోసం ప్రకటనలు వేసే ముందు జిల్లా బాలల పరిరక్షణ విభాగంలో ఖాళీలు నింపడం మంచిది.

కులం సంగతి కూడా దాచి లాభం లేదు. బిడ్డ గడప తొక్కగానే ఇరుగుపొరుగు అడిగే మొదటి ప్రశ్న అదే. కాబట్టి మొదటి విడతలో ఆ ప్రశ్నకు జంకని ఇళ్లనే ఎంచుకోవాలి. అనంతపురంలో రిటైరు కాబోతున్న పంతులమ్మలు, హిందూపురం ఆసుపత్రుల్లో ఒంటరిగా ఉండే నర్సులు, పిల్లలు బెంగళూరు ఉద్యోగాలకు పోయి రెండు గదులు ఖాళీ పడిన దంపతులు, కొత్త నిబంధనల వల్ల అర్హులైనవాళ్లు ఎంతోమంది ఉన్నారు. తాము అర్హులమన్న సంగతే వాళ్లలో చాలామందికి తెలియదు. దరఖాస్తు ఆన్‌లైన్లో పెట్టొచ్చు, జిల్లా బాలల పరిరక్షణ కార్యాలయంలో అడిగి తెలుసుకోవచ్చు. ఆపదలో ఉన్న బిడ్డ కంటపడితే 1098కి ఫోన్ చేయొచ్చు.